ఒకే పాస్‌వర్డు, నలుగురు మనుషులు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు నన్ను నారాయణపేటకు చేనేత అభివృద్ధి అధికారిగా వేశారు. నేత కుటుంబాలు దాచుకున్న పాత చీర అంచుల గ్రాఫు కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రపరచడం మా పని. చాలా కాగితాలకు అప్పటికే చెదలు పట్టింది. ఒక సోమవారం తెరిచి చూస్తే ఒక్క అంచూ లేదు. నకళ్ళు పెట్టిన చోటా లేవు.

"మా నాయిన గీసిన గోపురం అంచు ఎవరమ్ముకున్నరు సార్?" అని ఒక పెద్ద నేతగాడు నలుగురిలో అడిగాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తుడిచిన పని కంప్యూటర్లో యూసుఫ్ పేరు మీద నమోదైంది. అతను కాంట్రాక్టు ఆపరేటరు. ముందు వారమే ఒక చీరల వ్యాపారికి దగ్గరుండి చాయ్ తాగించాడు. ఇంకేం, అమ్ముకొని చెరిపేశాడని తేల్చేసుకున్నాను. ఉద్యోగం నుంచి తీసేస్తూ మెమో రాశాను. ఆఫీసులో టైపు చేసేది అతనే కనుక చేత్తోనే రాశాను.

సంతకానికి ముందు లాగ్, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో కంప్యూటరు రాసుకునే చిట్టా, మళ్ళీ చూశాను. శుక్రవారం, మధ్యాహ్నం ఒకటి నలభై. ఆ వేళకు యూసుఫ్ నమాజులో ఉంటాడు. మరి అక్కడ కూర్చున్నదెవరు? కొత్త పాస్‌వర్డులకు హైదరాబాదుకు ఉత్తరం రాయడానికి బద్ధకించి నలుగురమూ యూసుఫ్‌దే వాడేవాళ్ళం. అది గోడ క్యాలెండరు వెనక రాసి ఉండేది. ఇక ప్రతి ముఖమూ దొంగ ముఖంలాగే కనిపించింది. అడగకముందే మా నలుగురిలో ఒకడైన సూపరింటెండెంటు భుజాలు తడుముకొని నోరు విప్పాడు.

"నేనే తీసిన సార్. కంప్యూటర్ నిండింది, రెండేసి ఉన్నయి ఒకటి తీసెయ్యమని మీరే గద ఫోన్ జేసిండ్రు? ఒక జాగల తీస్తే రెండోదాంట్ల గూడ పోతయని నాకేమెరుక?"

నిజమే, చెప్పాను. రెండూ ముడిపడి ఉన్నాయని నాకూ తెలియదు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికాను.

మెమో చించేశాను. విచారణ నివేదికలో మొదటి పేరు నాదే రాశాను, ఇంక్రిమెంటు ఆగింది. ఆ తర్వాత ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే అయింది. తుడవమనే ఆదేశం కాగితం మీద ఉండాలి, నకలు డిస్కు వేరే భవనంలో ఉండాలి అని నియమం పెట్టాను.

"ఇగ తప్పు జేస్తె నాదే, చెయ్యకుంటె నాది గాదు సార్" అన్నాడు యూసుఫ్. మెమో సంగతి అతనికి తెలుసో లేదో నేను అడగలేదు.

ఏ పనికి ఎవరు జవాబుదారో ముందే తేల్చి పెట్టకపోతే నింద అందరికన్నా చిన్న ఉద్యోగి దగ్గరికే పోతుంది. నేను వేసిన నిందా అక్కడికే పోయింది.