గ్రిల్ మీద పాలు పొంగించిన రోజు

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. హాస్టల్లో అందరూ దుప్పట్లు కప్పుకుని ఇలాంటి కథలు చెప్పుకుంటుంటే, "నువ్వు చూశావా? పోనీ, చూసినవాడు నీకు తెలుసా?" అని అడిగి సరదా అంతా చెడగొట్టేవాణ్ణి. ఉద్యోగం కూడా నా బుద్ధికి తగినదే దొరికింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా ఏదో తప్పు కనిపించిందంటే, మళ్ళీ చేసి చూపించమంటాం. చూపించలేకపోతే దాన్ని మూసేసి ముందుకు పోతాం. ఈ విషయాన్ని కూడా అలాగే మూసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కుదరలేదు కాబట్టే రాస్తున్నాను.

అప్పుడు మేం అమెరికాలో, అర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. 2012 అనుకుంటా, చలి తగ్గి వానలు మొదలైన రోజులు. నేను కాంట్రాక్టర్‌ని. నా భార్య స్వాతికి డిపెండెంట్ వీసా కావడంతో ఉద్యోగం చేసే వీలు లేదు. మా పాప తన్వికి నాలుగేళ్ళు. ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ, వీకెండ్ వస్తే ఎవరో ఒకరింట్లో బర్త్‌డే, అదే పలావు, అవే గ్రీన్ కార్డు కబుర్లు. స్వాతికి మొహం మొత్తింది. "ఎక్కడికైనా పోదామండీ, మనుషులు లేని చోటికి," అనేది.

అలా ఒక చిన్న క్యాంపర్ ట్రైలర్ కొన్నాం. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లు అది. లోపల మంచం, సింకు, రెండు బర్నర్ల పొయ్యి ఉంటాయి. దానితోపాటు ఫ్యాక్టరీవాళ్ళే ఒక గ్యాస్ గ్రిల్ కూడా ఇచ్చారు.

ఈ గ్రిల్ గురించి కాస్త చెప్పాలి. ట్రైలర్ బయటి గోడకి, తలుపు పక్కన, ఒక ఇనుప పట్టీ ఉంటుంది. గ్రిల్‌ని దానికి తగిలిస్తే గోడ మీద అరలా నిలబడుతుంది. ట్రైలర్ ముందున్న సిలిండర్ నుంచి గ్యాస్ పైపు ఇక్కడిదాకా వస్తుంది. గ్రిల్ గొట్టాన్ని దాని చివర క్లిక్‌మని నొక్కితే చాలు. తిప్పడానికి ఒక నాబ్ ఉంటుంది. మన స్టవ్‌కీ దీనికీ తేడా ఏమిటంటే, బర్నర్ లోతుగా, కడ్డీల కింద ఉంటుంది. ఎండలో చూస్తే మంట ఉందో లేదో తెలియదు.

కొన్న రోజే ఇంట్లో చర్చ మొదలైంది. దీనికి చక్రాలున్నాయి కాబట్టి బండి పూజ చేయాలా, పొయ్యి ఉంది కాబట్టి గృహప్రవేశం చేయాలా? స్వాతి రెండూ చేద్దామంది. చక్రాల కింద నిమ్మకాయలు డీలర్ దగ్గరే పెట్టించింది. ఆ సేల్స్‌మన్ నిమ్మకాయల వైపు, నా వైపు మార్చి మార్చి చూసి మర్యాదగా నవ్వాడు. పాలు పొంగించడం మాత్రం మొదటి ట్రిప్పులో చేద్దామని ఆగింది.

ఊరికి దగ్గర్లోనే చెరువు పక్కన ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. శుక్రవారం లీవు పెట్టి పొద్దున్నే వెళ్ళాం. ముందురోజు వాన పడింది. ట్రైలర్ నిలిపే చోట కంకర, చుట్టూ ఎర్ర బురద. సీజన్ కాకపోవడంతో దాదాపు ఖాళీగా ఉంది. మా పక్క సైటులో ఎవరూ లేరు. దాని అవతలి సైటులో ఒక పెద్దాయన, అమెరికన్, తన ట్రైలర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

లోపలి పొయ్యి పడమటి వైపుంది. పైగా కొత్త పొయ్యి మీద పాలు పొంగి పాడవడం స్వాతికి ఇష్టం లేదు. గ్రిల్ అయితే తూర్పుకు ఉంది, బయట ఉంది. "దీని మీద కానిచ్చేద్దాం," అంది. నాకూ సబబుగానే తోచింది. స్టీలు గిన్నెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పాలు పోసి కడ్డీల మీద పెట్టాం. అరటిపండుకు అగరొత్తులు గుచ్చి పక్కనే పెట్టింది.

గాలి ఎక్కువగా ఉంది. మంట నిలవడం లేదని ఒక టార్పాలిన్ తీసి, పై అంచు ట్రైలర్ గోడకు కట్టి, కింది అంచు నేల మీద రాళ్ళతో అదిమి, గ్రిల్‌కి ఒక పక్కగా వాలుగా దించాను. గోడకీ టార్పాలిన్‌కీ మధ్య చిన్న గుడిసెలాంటిది తయారైంది. తన్వి తన ప్లాస్టిక్ వంట సామాను పట్టుకుని అందులో దూరింది. "దిస్ ఈజ్ మై హౌస్," అంది. స్వాతి కూడా, పొయ్యి దగ్గర అడ్డం రాకుండా ఉంటుందని, "అక్కడే ఆడుకో నాన్నా, మమ్మీ పిలిచేదాకా బయటికి రాకు," అని చెప్పింది. గ్రిల్ దగ్గర నిలబడితే దాని పాదాలు రెండూ కనిపిస్తున్నాయి. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

పాలు బాగానే పొంగాయి. తూర్పుకే పొంగాయి. స్వాతి సంబరపడి దండం పెట్టుకుంది. మిగిలిన పాలలో బియ్యం పోసి పరమాన్నానికి పెట్టింది. ఇద్దరం గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాం.

ఎంతసేపటికీ ఉడుకు రాలేదు. "ఏంటండీ ఈ పొయ్యి, నత్తనడక నడుస్తోంది," అని స్వాతి విసుక్కుంది. ట్రైలర్ గ్యాస్‌కి ప్రెషర్ తక్కువ, అందుకే ఆలస్యమని నేను గ్రిల్ తరఫున వాదించాను. అసలు సంగతేమిటంటే, పొంగిన పాలు బర్నర్ మీద పడి మంట ఎప్పుడో ఆరిపోయింది. నాబ్ తెరిచే ఉంది. గ్యాస్ వస్తూనే ఉంది. మాడిన పాల వాసన, అగరొత్తుల పొగ, వీటి మధ్య గ్యాస్ వాసన మాకు తెలియలేదు. గ్యాస్ పసిగట్టే అలారం ట్రైలర్ లోపలే ఉంది, బయట సంగతి దానికి తెలిసే వీల్లేదు. గాలి కన్నా బరువైన గ్యాస్ అది. కిందికి దిగి, గాలి తగలని చోట చేరుతుంది. గాలి తగలని చోటు నేనే కట్టి పెట్టాను.

చివరికి గిన్నె మీద చెయ్యి పెట్టి చూసి, ఆరిపోయిందన్నాను. స్వాతి మొహం మాడిపోయింది. "అయ్యో, పాలు పొంగిన పొయ్యి ఆరకూడదండీ! తొందరగా వెలిగించండి," అంది. మంట ఆరితే నాబ్ కట్టేసి కాసేపు ఆగాలని గ్రిల్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. కానీ ఆ హడావిడిలో లైటర్ తీసి నొక్కేశాను.

భుగ్గుమంది. నీలం మంట గ్రిల్ నుంచి కిందికి జారి టార్పాలిన్ లోపలికి దూకింది. నేను వెనక్కి పడ్డాను. చేతి మీద వెంట్రుకలు కాలిపోయాయి. లేచి చూసేసరికి టార్పాలిన్ ముడుచుకుపోయి అంటుకుంటోంది. స్వాతి "తన్వీ" అని అరుస్తూ ఆ కాలే గుడ్డని ఉత్త చేతులతో లాగుతోంది. నేను వెళ్ళి మరో అంచు పట్టుకుని పీకేశాను. నా జన్మలో అంత భయం ఎరగను. ఆ టార్పాలిన్ కింద ఏం చూడాల్సి వస్తుందోనని కళ్ళు మూసుకున్నాను, అది నాకు బాగా గుర్తుంది.

కింద పాప లేదు. కరిగిపోతున్న ప్లాస్టిక్ గిన్నెలు, దాని చెప్పులు ఉన్నాయి.

తన్వి పక్కనున్న ఖాళీ సైటులో, పిక్నిక్ బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మా వైపే చూస్తోంది. స్వాతి పరిగెత్తి దాన్ని హత్తుకుని అక్కడే బురదలో కూలబడింది. ఈలోగా అవతలి పెద్దాయన మంటలార్పే సిలిండర్ పట్టుకుని వచ్చి, మిగిలిన మంట ఆర్పి, గ్యాస్ కట్టేశాడు. అంతా సర్దుకున్నాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఆ ఇంకో ఆవిడకి ఏం కాలేదు కదా?"

ఇంకెవరూ లేరు, మేం ముగ్గురమే అన్నాను. ఆయన ఖాళీ సైటు వైపు ఒకసారి చూశాడు. ఎండ కళ్ళలో కొట్టి సరిగా కనిపించి ఉండదులే అని, ఆ మాట అక్కడితో వదిలేశాడు. నేనూ పట్టించుకోలేదు. స్వాతినే చూసి ఇంకెవరో అనుకున్నాడని సరిపెట్టుకున్నాను.

స్వాతి చేతులు బొబ్బలెక్కాయి. ట్రైలర్ అక్కడే వదిలేసి క్లినిక్‌కి బయల్దేరాం. కారు కదలగానే వెనక సీట్లోంచి తన్వి అడిగింది.

"డాడీ, ఆంటీ మనతో రాదా?"

"ఏ ఆంటీ?"

"ఆంటీ. నన్ను పిక్‌అప్ చేసింది. టేబుల్ మీద పెట్టింది."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పాప అమెరికన్ ఆడవాళ్ళని ఎప్పుడూ ఆంటీ అనదు. స్కూల్లో వాళ్ళని మిస్ అంటుంది, బయటివాళ్ళని లేడీ అంటుంది. మనవాళ్ళు మాత్రమే దానికి ఆంటీలు. అందుకే, లేడీయా ఆంటీయా అని అడిగాను. డాడీకి ఆ మాత్రం తెలియదా అన్నట్టు, "ఆంటీ," అంది. ఏం డ్రెస్ వేసుకుందని స్వాతి అడిగింది.

"నైటీ. పైన టవల్."

తెల్లచీర అని ఉంటే నేను ఒక్క ముక్క నమ్మేవాణ్ణి కాదు. నైటీ వేసుకుని, భుజాన తువ్వాలు వేసుకున్న ఆడమనిషి అర్కన్సా చెరువు గట్టున పట్టపగలు తిరిగే దెయ్యం కథ ఎవరు కల్పిస్తారు? ఆంటీ ఏమందని అడిగితే, "పాలు పొంగాయి, ఇంక రా అంది," అని చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పాలు పొంగాయన్న మాట స్వాతి నోట విని ఉండవచ్చు, ఒప్పుకుంటాను.

సాయంత్రం తన్విని వెంటబెట్టుకుని ట్రైలర్ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు నా అలవాటు కొద్దీ అంతా మళ్ళీ చేసి చూశాను. తన్వి ఆ బల్ల ఎక్కగలదా? ఎక్కగలదు. నా ముందే ఎక్కింది. కానీ ఆ గుడిసె నుంచి బల్ల దగ్గరికి వెళ్ళాలంటే ముందు కంకర, తర్వాత బురద దాటాలి. కంకర మీద చెప్పుల్లేకుండా నిలబెడితే అది అడుగు కూడా వేయకుండా ఏడ్చి, ఎత్తుకోమంది. పొద్దున నేను దాన్ని స్వాతి ఒళ్ళోంచి తీసుకుని కారు ఎక్కించినప్పుడు దాని పాదాలు శుభ్రంగా ఉన్నాయి. నా బూట్లు చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి. వేరే అడుగులేమైనా ఉన్నాయేమో చూద్దామంటే, అప్పటికే మేమూ పెద్దాయనా అంతా తొక్కేశాం. ఆయన్ని మళ్ళీ అడుగుదామని వెళ్ళాను. సైటు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

చేతులు మానాక స్వాతి ఒకరోజు మా పెళ్ళి ఆల్బమ్ తీసింది. వాళ్ళ పెద్దమ్మ ఒకావిడ ఎప్పుడూ అలాగే, నైటీ మీద తువ్వాలు వేసుకుని తిరిగేదట. తన్వి పుట్టకముందే పోయింది. అందులో ఉన్న ఆవిడ ఫోటో పాపకి చూపిద్దామంది. మా పెళ్ళయినప్పటి నుంచి ఆమె మాటకు నేను గట్టిగా అడ్డు చెప్పింది ఆ ఒక్కసారే. పాప అవునంటే మేం ఎలా బతకాలి? కాదంటే, మరి ఆ వచ్చింది ఎవరు? ఆల్బమ్ మూసి మళ్ళీ అలమరలో పెట్టేసింది. నైటీ మీద తువ్వాలు వేసుకునేవాళ్ళు మన వీధికి పదిమంది ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు ఫ్రిస్కోలో ఉంటున్నాం. తన్వి సెకండ్ గ్రేడ్. దానికి ఆ రోజు గుర్తులేదు. ట్రైలర్ గుర్తుంది, చెరువులో బాతులు గుర్తున్నాయి, ఆంటీ గుర్తులేదు. స్వాతి దీని గురించి మాట్లాడదు. కానీ ఏ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నా, తను గిన్నె దగ్గర నిలబడదు. పిల్లలు ఎక్కడున్నారో చూడ్డానికి వెళుతుంది.

నేను మాత్రం ఇప్పటికీ దెయ్యమనే మాట వాడను. పాప భయంతో పరిగెత్తి, తర్వాత ఏదో ఊహించుకుందని చెప్పుకోవచ్చు. ఆ పెద్దాయనకి చూపు సరిగా ఆనలేదని చెప్పుకోవచ్చు. కాళ్ళకి బురద అంటకపోవడానికి కూడా ఎవరైనా ఒక కారణం చెప్తే వింటాను. కానీ మంట లేవకముందే అది ఎందుకు బయటికి వచ్చిందో నేను ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. అక్కడే ఉండమని వాళ్ళమ్మ చెప్పింది. మేం పిలవలేదు. ఆ కాసేపూ మేమిద్దరం పాలగిన్నెనే చూస్తున్నాం. పాపని ఎవరు చూసుకున్నారో నాకు తెలియదు.