చిత్రిక పట్టిన పెట్టె

వీధిలో అందరూ ఆమెను పిడులక్క అంటారు. ఉలికి, ఆకురాయికి, రంపానికి, చేత్తో పట్టుకునే ఏ పనిముట్టుకైనా వెనక ఒక కొయ్య పిడి ఉంటుంది కదా, ఆ పిడులు చేయడం ఆమె పని. ఇంటి ముందుగదే కార్ఖానా. గోడవారన లేత్ మెషిను, దాని కింద చీలమండలు మునిగేంత కొయ్యపొట్టు, కిటికీ చువ్వలకు ఆరేసిన నూనె గుడ్డలు. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. భర్త రైలు పట్టాలు సరిచేసే ముఠాలో ఉన్నాడు, వారానికి ఒకరోజు కనిపిస్తాడు. ఆ ఇంటి పైగదిలో నేను రెండేళ్లు అద్దెకున్నాను. ఒకే కప్పు కింద వరసగా రెండేళ్లు ఉండటం నా జన్మలో అదొక్కసారే.

ఎవరైనా కొత్తగా పిడి కావాలని వస్తే ఆమె ముందు వాళ్ల అరచెయ్యి తిప్పి చూసేది. కాయలు ఎక్కడ కాశాయో చూసి, అక్కడ కొయ్య కాస్త లోపలికి తీసేది. "చేతిలో పిడి ఉందని పనివాడికి గుర్తొస్తే అది పిడి కాదు, మొద్దు" అనేది. పుస్తకాలు చాలా చదివాను. శైలి గురించి ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు వాటిలో దొరకలేదు.

పద్దెనిమిదేళ్లపాటు ఆ పిడులు ఒక దళారి చేతుల మీదుగా సముద్రాలు దాటాయి. మాట తేనె, చూపు తూకం. వీధిలో ఆయన్ని తేనెసీసా అనేవాళ్లు. పిడుల మీద ఆమె గుర్తు ఉండకూడదనేది ఆయన షరతు. ఆయన గోదాములో తన కంపెనీ పేరు వేసుకునేవాడు. ఒకరోజు ఆమె తోడికోడలు, జెరాక్స్ షాపులో పనిచేసే చురుకైన మనిషి, ఫోనులో ఏదో పరాయి దేశపు పనిముట్ల కొట్టు చూస్తుంటే మన ఇంటి పిడులు కనిపించాయట. పక్కన తేనెసీసా కంపెనీ పేరు, దాని కింద "మూడు తరాల కుటుంబ నైపుణ్యం" అని రాసి ఉంది. చదివి వినిపించింది.

"మూడు తరాలా? వాళ్ల తాత సైకిళ్లు అద్దెకిచ్చేవాడు కదే" అని పిడులక్క లేత్ ఆపేసింది. పగటిపూట ఆ యంత్రం ఆగడం నేను అదే మొదటిసారి వినడం.

తోడికోడలి చేత ఆ కొట్టుకే ఉత్తరం రాయించింది. నమూనాలు పంపింది. మూడు నెలల తర్వాత జవాబు వచ్చింది: పన్నెండు వందల పిడులు కావాలి, ఆమె సొంత గుర్తుతోనే కావాలి, ఫలానా తేదీన బయలుదేరే ఓడలో రావాలి, ఎందుకంటే వాళ్ల అమ్మకాలన్నీ ఏడాదిలో ఆ ఓడ చేరే రెండు నెలల్లోనే. ఆమె కమ్మరి దగ్గరికెళ్లి తన పేరుతో చిన్న ఇనప ముద్ర చేయించుకుంది. కాల్చి కొయ్య మీద అదిమితే పేరు గోధుమరంగులో దిగేది. మొదటి పిడి మీద వేసి, అర్ధగంట అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తన పేరు తన చేతిపని మీద ఊరు దాటాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

చెయ్యడం వచ్చు, పంపడం రాదు. అందుకని చిన్న వ్యాపారులకు ఎగుమతుల్లో చెయ్యందించడానికే పెట్టిన సహాయ కేంద్రానికి వెళ్లింది. అక్కడి నుంచి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ కేంద్రం అద్దాల తలుపుల భవనంలో రెండో అంతస్తు. గోడ నిండా ఓడల ఫోటోలు. నిగనిగలాడే పుస్తకాలు, ఒక్కోదానిలో పదకొండు బాణం గుర్తులతో ఒక పటం. ఏ బాణం ఎటు పోతుందో గీసినవాడికైనా తెలుసో లేదో. మొదటిసారి వెళ్తే కంప్యూటరులో నమోదు చేసుకుని రమ్మన్నారు. రెండోసారికి ఆ కంప్యూటరు పనిచేయలేదు. మూడోసారి ఫోటో నేపథ్యం తెలుపు కాదన్నారు. నాలుగోసారి అధికారి శిక్షణ ఇవ్వడానికి పోయాడు. అయిదోసారి ఆయన శిక్షణ పొందడానికి పోయాడు. నేను చాలా దేశాల్లో లారీల వెనక కూర్చుని తిరిగాను. నాలుగు రోడ్ల కూడలిలో ఎదురుపడే డ్రైవర్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు, అడక్కుండానే కిటికీలోంచి చెప్పుకుంటారు, ముందు వంతెన కూలింది, ఎడమకి తిరుగు అని. వాళ్లకి జీతమిచ్చి ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టలేదు, బహుశా అందుకే చెప్పగలుగుతున్నారు.

ఆరోసారి అవగాహన సదస్సుకు పిలిచారు. సంచి ఇచ్చారు, పెన్ను ఇచ్చారు, భోజనం పెట్టారు. టై కట్టుకున్న వక్త ఒకడు ప్రపంచ మార్కెట్టును కేకులా కోసి తెర మీద రంగురంగుల ముక్కలు చూపించాడు. చివర్లో సందేహాలు అడగమంటే పిడులక్క లేచి, సరుకు వేసే చెక్కపెట్టె ఎలా ఉండాలండీ అని అడిగింది. వెనక వరసలో నవ్వులు. వక్త కూడా నవ్వి, "శుభ్రంగా, ముచ్చటగా ఉండాలమ్మా. పెట్టె చూడగానే మీ మీద గౌరవం కలగాలి" అన్నాడు. ఆమె ఆ మాటను ఇచ్చిన పెన్నుతో, ఇచ్చిన పుస్తకంలో రాసుకుంది.

ఇంటికొచ్చి మరిదికి చదివి వినిపించింది. మరిది వడ్రంగి. చిత్రిక పట్టాడంటే చెక్కలో మొహం చూసుకోవచ్చు. ఓడలకెళ్లే పెట్టెలకు వాడే చెక్కలని అడిగి మరీ కొనుక్కొచ్చాడు. అడితివాడు మామూలు చెక్క కన్నా ఎక్కువే తీసుకున్నాడు గానీ ఎందుకో చెప్పలేదు, ఇతనూ అడగలేదు. ప్రతి చెక్క మీదా నల్లగా కాల్చిన గుర్తు ఒకటి, ఏవో అక్షరాలు, అంకెలు. "పెళ్లికూతురి బుగ్గన మసి పూసినట్టు ఇదేంటి వదినా" అని విసుక్కుని, ఒక్కటి మిగలకుండా అన్నిటినీ చిత్రికతో లేపేశాడు. పెట్టె తయారయ్యాక నూనె పట్టించాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. "ఇందులో సరుకేంటమ్మా, నేనే పడుకుని పోతాను" అన్నాడు ఎదురింటి ముసలాయన. సహాయ కేంద్రం నుంచి కూడా ఒకతను వచ్చాడు, సహాయానికి కాదు, ఫోటోకి. పెట్టె పక్కన ఆమెను నిలబెట్టి తీసుకుని వెళ్లాడు.

ఓడ సరుకు తీసుకోవడానికి ఆఖరి రోజున, రెండు గంటల ప్రయాణం చేసి, పెట్టె రేవు దగ్గరి సరుకు యార్డుకు చేరింది. నాలుగింటికి గేటు మూస్తారు. మేం చేరేసరికి రెండున్నర. తనిఖీ చేసే మనిషి, నెరిసిన మీసాలాయన, పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేత్తో తడిమాడు. మరిది మొహం వెలిగిపోయింది.

"చాలా బాగా చేశావయ్యా. ముద్ర ఏది?"

"ఏ ముద్ర?"

అప్పుడు చెప్పాడు ఆయన. పచ్చి చెక్కలో పురుగు దాక్కుని దేశాలు దాటి అక్కడి అడవుల్ని తినేస్తుంది. అందుకని పెట్టెలకు వాడే చెక్కను వేడిలో పెట్టి పురుగు చంపి, చంపినట్టు ముద్ర కాలుస్తారు. ముద్ర లేని చెక్క ఓడ ఎక్కదు. పోయిన ముద్రను మళ్లీ గీసుకోకూడదు. దళసరి అట్టపెట్టెలకైతే ఏ ముద్రా అక్కర్లేదు. ఇదంతా చెప్పడానికి ఆయనకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆరుసార్లు తిరిగిన తిరుగుడు, ఆ సంచి, ఆ కేకు ముక్కలు, ఆ పదకొండు బాణాలు, వాటిలో ఈ రెండు నిమిషాలకు చోటు లేకపోయింది.

మరిది నేల మీద కూర్చుండిపోయాడు. "నా చేత్తో నేనే గీకేశాను వదినా" అన్నాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, చెప్పనివాళ్ల తప్పు నెత్తిన వేసుకోకు, లే అంది.

సహాయ కేంద్రానికి ఫోను చేసింది. ప్యాకింగు తమ విభాగం కిందికి రాదనీ, తమది అవగాహన మాత్రమేననీ అధికారి చెప్పాడు. ఈలోగా తేనెసీసా ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. ఆయన గోదాము యార్డు పక్కనే. ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకని అట్టపెట్టెలున్నాయి, మనుషులున్నారు, గంటలో సర్దించేస్తాడు. కాగితాలు కూడా ఆయన కంపెనీ పేరు మీద సిద్ధంగానే ఉన్నాయి.

"ఈ ఒక్కసారికి నా పేరు మీద పంపిద్దాం చెల్లెమ్మా. పిడుల మీద నీ పేరు ముద్రలు కాస్త గీకిస్తే సరి. వచ్చేసారి నీ ఇష్టం."

"ఈ చెక్కల సంగతి నీకు ముందే తెలుసు కదన్నా?"

"పాతికేళ్లుగా తెలుసు."

"మా పెట్టె చూడ్డానికి మా వీధికొచ్చావు కూడా."

ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు, శపించలేదు. గేటు మూసేదాకా పెట్టె పక్కనే నిలబడి, మరిదిని లారీ పిలవమంది. ఓడ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తోడికోడలి చేత జరిగింది జరిగినట్టు కొట్టువాళ్లకు రాయించింది. ముద్రల్ని అందం కోసం గీకేశామని కూడా దాచలేదు. వాళ్లు నాలుగు రోజులకు జవాబిచ్చారు. తర్వాతి ఓడకు పంపితే సగం తీసుకుంటామన్నారు, అప్పటికి అమ్మకాల కాలం సగం అయిపోతుంది కనుక. ఆరువందల పిడులు అట్టపెట్టెల్లో, ఆమె పేరుతో వెళ్లాయి. మిగతా ఆరువందలూ ముందుగదిలో గోనెసంచుల్లో ఉండిపోయాయి. లేత్ దగ్గరికి వెళ్లాలంటే వాటిని దాటుకుంటూ వెళ్లాలి.

రెండు నెలల తర్వాత తోడికోడలు పళ్లు నూరుకుంటూ ఒక పుస్తకం పట్టుకొచ్చింది. సహాయ కేంద్రం వార్షిక నివేదిక, వాళ్ల షాపుకే కుట్టడానికి వచ్చిందట. పదిహేడో పేజీలో చిత్రిక పట్టిన పెట్టె పక్కన పిడులక్క. కింద ఇలా ఉంది: "అడుగడుగునా మా మార్గదర్శకత్వంతో విదేశీ మార్కెట్లోకి."

ఆమె చెప్పులు వేసుకుని బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. అది ఆమె ఏడోసారి. అధికారి కుర్చీ చూపించి, కాఫీ తెప్పిస్తానన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఒకాయన పద్దెనిమిదేళ్లు నా పని మీద తన పేరు వేసుకున్నాడు. ఆయన కనీసం సరుకు ఓడెక్కించాడు. మీరేం చేశారండీ?"

అది ప్రోత్సాహం కోసం వేసిందనీ, పై నుంచి ఆమోదం అయిపోయిందనీ ఆయన నసిగాడు. ఆ వాక్యం కొట్టేయమంది. అచ్చయిపోయిందన్నాడు. ఎన్ని ఉన్నాయి అంది. చాలావరకు వెళ్లిపోయాయి, ఓ ఎనభై ఉంటాయేమో అని మూలనున్న కట్టల వైపు చూశాడు.

ఆమె ఒక కట్ట ఎత్తుకుని, బయట వరండాలో టోకెన్లు పట్టుకుని జనం కూర్చున్న బల్ల మీదికి వెళ్లి కూర్చుంది. తాడు విప్పింది. పదిహేడో పేజీ తీసి, పెన్నుతో ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసింది. తర్వాతిది తీసింది. అధికారి తలుపు దాకా వచ్చి, ఏదో అనబోయి, ఇంతమంది ముందు ఎందుకనుకున్నాడో ఏమో లోపలికి వెళ్లిపోయాడు.

పదో పుస్తకం దగ్గర, పక్కన కూర్చున్న మట్టికుండీలు చేసే ఆయన వంగి, ఆ ఫోటోలో పెట్టె ఎంత బాగుందో అన్నాడు. తనకూ కుండీలు పంపడానికి అలాంటిదే చేయించాలని ఉందన్నాడు.

"అలాంటిది చేయించకండి" అని పిడులక్క తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది. బల్ల అవతలి కొసన ఉన్నవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. లోపల టోకెన్ నంబరు పిలిచారు. ఎవరూ లేవలేదు.