సన్న ఉలికి పక్క చెక్కలు

మా వదిన పోయిందని ధర్మవరం నుంచి పొద్దుటి రైలుకు వచ్చిన మనిషి చెప్పాడు. హిందూపురంలో నేను వడ్రంగం నేర్పే ట్రైనింగు స్కూల్లో, కాబోయే మాస్టర్ల ముందు సానరాయి మీద సన్న ఉలి నూరుతున్నాను అప్పుడు. మూడు రోజుల జ్వరమట. మనిషి మిగల్లేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నా అబద్ధం తెలిసిన ఒక్క మనిషీ ఇక లేదు అనుకున్నాను. ఆ అబద్ధమేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో మాది మగ్గాలు చేసే ఇల్లు. ముఖ్యంగా నాడెలు. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసుకుపోయే, పడవలాంటి చిన్న కొయ్యను నాడె అంటాం. దాని కడుపును సన్న ఉలితో తొలవాలి. ఉలికి పదును చాలకపోతే లోపల కొయ్య పీచు లేస్తుంది. ఆ పీచుకు పట్టుపోగు తగిలి తెగుతుంది. పోగు రెండుసార్లు తెగితే నేతగాడు నాడెను తెచ్చి మా అరుగు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. మళ్లీ మా గడప తొక్కేవాడు కాదు. అందుకని మా ఇంట్లో ఉలి పదునంటే కూడుతో సమానం.

ఆ పదును నా చేతిలో ఉండేది. నాయనకు చూపు తగ్గింది. అన్న కోత పని చూసేవాడు. "నూరేదానికి మా చిన్నోడే," అని నాయన వచ్చినవాళ్లతో అనేవాడు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా నేను ఆ మాట మీదే బతికాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది పెనుకొండ నుంచి మా ఇంటికి వదిన వచ్చింది. ఆమె తండ్రి రైలు పెట్టెల పని చేసిన వడ్రంగి. చీరల అడుగున, గుడ్డలో చుట్టి, అరచేతిలో పట్టే ఇనుప సామాను ఒకటి తెచ్చుకుంది. కింద చిన్న చక్రం, పైన ఒక పట్టీ, పట్టీని బిగించే మర. ఉలిని అందులో బిగించి రాయి మీద నడిపితే మొదటినుంచి చివరిదాకా వాలు మారదు. దాన్ని ఆమె బండి అనేది.

"ఆడబిడ్డ పెట్టెలో ఇనుప సామానేందమ్మయ్యా?" అని నాయన నవ్వాడు.

"మా నాయనకు కొడుకుల్లేరు మామా. ఇది నాకిచ్చినాడు," అంది.

నేనూ నవ్వాను. "చేతిలో పస లేనోళ్లకే బండ్లు కావాల," అన్నాను. ఆమెకు వినబడేటట్టే అన్నాను.

కొయ్య కోసం ఒకసారి బుక్కపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాను. నాయన అరుగు మీద కూర్చుని పావంగుళం ఉలితో బూరుగు చెక్క తల, అంటే అడ్డంగా కోసిన కొస, చెక్కుతున్నాడు. బూరుగు మెత్తన. పదును ఏమాత్రం తగ్గినా నలిగి పొడి రాలుతుంది. ఆ చెక్క తల మైనం పూసినట్టు మెరుస్తోంది. నాయన దాన్ని చెంపకు ఆనించి చూసుకున్నాడు. నేను నూరిన ఉలితో ఆయన ఎన్నడూ అట్లా చేయలేదు.

"సన్న ఉలులు ఇంగ అమ్మయ్య నూరుతాది. నువ్వు పెద్దవి చూసుకో," అన్నాడు.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అదింకా మండించింది.

నిజం ఇప్పుడు ఒప్పుకుంటాను. వెడల్పు ఉలి రాయి మీద తనంతట తాను ఆనుకుని నిలుస్తుంది. సన్నదానికి ఆ ఆనిక లేదు. చేయి కొంచెం వాలితే అటు పడుతుంది, ఇటు పడుతుంది, వాదర, అదే ఉలి కోసే అంచు, ఏటవాలుగా అరుగుతుంది. నా రాయి నడుమ గాడి పడి ఉండేది. వదిన రాయి పలకలా ఉండేది. ఆమె ఉలిని ఒకే దారిన నడపదు. రాయి ఈ అంచు నుంచి ఆ అంచుకు జరుపుకుంటూ పోతుంది. వంట ముగించి, తడిచేతులు తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది. పెదవులు కదిలేవి. జపమేమో అనుకున్నాను. ఎన్నిసార్లు నడిపిందో లెక్కపెట్టుకునేది.

ఆమె పురిటికి పెనుకొండ వెళ్లినప్పుడు నేను ఆ బండిని దొంగతనంగా తీశాను. సన్న ఉలిని పెట్టి మర బిగించాను. బిగించేకొద్దీ పట్టీ ఒకవైపు ఒరిగింది, ఉలి మెలి తిరిగింది. ఇంకా గట్టిగా బిగించాను. నూరి చూస్తే వాదర నా చేతి పనికంటే వంకరగా ఉంది. బండిని తుడిచి, ఉన్నచోటే పెట్టేశాను. ఇందులో ఏదో మాయ ఉంది, అది నాకు చెప్పకుండా దాచింది అని ఆమెను లోలోపల తిట్టుకున్నాను.

మూడో నెలలో బిడ్డతో వచ్చింది. ఆ ఉలిని వెలుతురుకు ఎత్తి చూసింది. ఎవరు నూరారని అడగలేదు.

"మరిదీ, ఈడ కూర్చో," అంది.

కూర్చున్నాను. కొంగు ముడి విప్పి రెండు చిన్న చెక్కలు తీసింది. ఉలికి ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టి, అప్పుడు పట్టీ దించి మర తిప్పింది.

"ఒంటి ఉలి మింద పట్టీ నిలవదబ్బా. పక్కన దాని మందం చెక్కలే పెట్టాల. అప్పుడు యాడికీ కదలదు. ఒక్క వేలు ఆనించు చాలు, చేయంతా మోపొద్దు."

మాయ అంతే. నేను దొంగిలించి కూడా సంపాదించలేకపోయిందాన్ని ఆమె ఒళ్లో బిడ్డను పెట్టుకుని ఊరికే ఇచ్చేసింది. దానికి కృతజ్ఞత పుట్టాలి. నాకు కోపం పుట్టింది.

సన్న ఉలులు మళ్లీ నా చేతికి రాలేదు. ఆ కోపంతోనే హిందూపురంలో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. ఇక్కడ కమ్మరితో అలాంటి బండి చేయించాను. పక్క చెక్కలు నేనే చేసుకున్నాను. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి మా స్కూలు ఉలుల పదును చూసి ఆశ్చర్యపోయాడు. "ఈ చెక్కల ఉపాయం ఎవరిది?" అని అడిగాడు.

"నాదే సార్," అన్నాను.

ఆ మాట అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఏళ్ల తరబడి నోట్లో సిద్ధంగా పెట్టుకున్నట్టు వచ్చేసింది.

ఆ తరువాత అన్న చింతపండు మండీ పని మీద హిందూపురం వస్తే వదిన కూడా వచ్చింది. స్కూలు చూస్తామన్నారు. మా హెడ్‌మాస్టరు ఆమెకు బండిని, పక్క చెక్కలను చూపించి, "మీ మరిది కనిపెట్టిండేదమ్మా ఇది. ఇన్‌స్పెక్టరే మెచ్చుకున్నాడు," అన్నాడు. అన్న వరండాలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వదిన బండిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"అవునప్పా. మా మరిది చేయి మంచిది," అంది.

ఇంటికి పోయాక అడుగుతుందని కాచుకున్నాను. అన్నం వడ్డించుకుంటూ ఒక్కటే అడిగింది.

"చెక్కలు ఏ కొయ్యతో చేసినావు?"

"వేపతో."

"వేప నీళ్లకు ఉబ్బుతాది. చింత చేవతో చెయ్యి."

అంతే. ఆ నిబ్బరాన్ని చూసి కూడా అసూయపడ్డాను. నన్ను తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం.

నేను ధర్మవరం చేరేసరికి అంతా అయిపోయింది. అరుగు నిండా నేతగాళ్లు. ఒక ముసలాయన నన్ను పట్టుకుని, "ఆ తల్లి పదును పెట్టిన ఉలితో చేసిన నాడె పదేండ్లుగా నడుస్తాండాది నాయనా. పోగు తెగిందే లేదు," అని ఏడ్చాడు. నా కోసం ఇంతమంది వస్తారా అని నేను వాళ్లను లెక్కపెట్టాను. అవును, ఆ రోజు కూడా.

రెండు రోజులకు, మనసు ఆగక, అన్నకు చెప్పేశాను. "ఆ చెక్కల పద్ధతి నాదని స్కూల్లో చెప్పుకున్నానన్నా."

అన్న తల తిప్పలేదు. "తెలుసులేరా. ఆ పొద్దే రైల్లో చెప్పింది. నవ్వుకుంటా చెప్పింది."

"ఏమని?"

"చిన్నోడికి మన బండి నచ్చినట్టుండాది, నచ్చకపోతే తనదని యాల చెప్పుకుంటాడు అనింది."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. హిందూపురం తిరిగి వచ్చిన రోజే హెడ్‌మాస్టరుకు నిజం చెప్పాను. తరగతిలోనూ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ ఉపాయం మా వదినది.

నేనింకా ధర్మవరంలో ఉండగానే, కర్మకు ముందు రోజు ఇంటికి సున్నం కొట్టారు. అన్న తనే కుంచె పట్టుకున్నాడు. ఆమె కూర్చునే చోట, గోడ మీద, కూర్చున్న మనిషి చేయి అందేంత ఎత్తున, బూడిదరంగు వేలి మరకలు ఉన్నాయి. నూరినప్పుడు రాయి మీద చేరే బురదను అక్కడ తుడుచుకునేది కాబోలు. పదమూడు పద్నాలుగేళ్లవి, ఒకదాని మీద ఒకటి. ఆమె రాకముందు ఆ చోట కూర్చుని నూరింది నేనే. నావీ ఉంటాయేమోనని వంగి వెతికాను. అన్నీ సన్న వేళ్లే. అన్న కుంచెను బకెట్లో ముంచి, మరకలకు జానెడు దూరం వదిలి, చుట్టూ తెల్లగా సున్నం కొట్టుకుంటూ పోయాడు.