బోసి గడ్డం

మోండా మార్కెట్ సందులో దర్జీ ఇమాం వలికి ఒక అలవాటు. కొత్త గుడ్డ మీద మొదటి కుట్టు వేసే ముందు గడ్డం నిమురుకుని, సందంతా వినేలా "బిస్మిల్లా" అంటాడు. నిజాం మీద పోలీసు యాక్షన్ అయిన నలభై రోజులకు మళ్లీ దుకాణం తెరిచాడు. మిషను క్షేమంగానే ఉంది. పెళ్లికని ఊరికి వెళ్లిన తమ్ముడు షంషీరే తిరిగి రాలేదు. గుడ్డ పరిచాక చెయ్యి తనంతట తానే లేచింది. ముస్లింల మీద దాడులకు భయపడి తానే గీయించుకున్న గడ్డం అక్కడ లేదు. దోమ కుట్టినట్టు నటిస్తూ మెడ గోక్కున్నాడు. నోరు విప్పకుండానే చక్రం మీద చెయ్యేశాడు.

"ఆగు భాయ్!" అంది ఎదురుగా నిలబడ్డ రోసమ్మ టీచరు. క్రిస్మస్‌కు రైకగుడ్డ తెచ్చింది ఆమే. "దేవుణ్ణి తలువకుండ కుట్టిన రైక తొడుక్కొని నేను చర్చికి పోవాల్నా?"

"జెర మెల్లగ, టీచరమ్మా. ఎవరన్న వింటరు."

"విననీ. నేను సుత వినాలె."

కూరగాయల గంపల దగ్గర ఇద్దరు ఇటే చూస్తున్నారు. అయినా ఇమాం వలి "బిస్మిల్లా" అన్నాడు, పాత గొంతులో సగంతో. ఆ ఇద్దరూ మళ్లీ బేరంలో పడ్డారు. చెయ్యి మళ్లీ బోసి గడ్డం మీదికి పోయింది.

"మొలుస్తది తియ్ భాయ్," అంది రోసమ్మ.

మిషను కదిలింది. తమ్ముడి సంగతి ఆమె అడగనందుకు కూడా ఇమాం వలి లోలోపలే అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు.