రెక్సిన్ సీటుకు కొబ్బరినూనె

నిన్న నల్లపాడులో ఓ షెడ్డు ముందు పాత అంబాసిడర్ కనబడి ఆగాను. ఎండకు కాగిన ఆ రెక్సిన్ వాసన! మన ఈడువాళ్లకు గుర్తుందా, గౌనేసుకుని కూర్చుంటే తొడలకు అంటుకుపోయేది. సీట్లు సబ్బునీళ్లతో తుడుస్తున్న ఆయన, "నూనె మాత్రం పూయకూడదండీ, దుమ్మంతా పట్టేస్తది" అన్నాడు. అది నాకు చిన్నప్పుడే తెలిసొచ్చింది.

మా నాన్న అలాంటి కారే పెళ్లిళ్లకు తిప్పేవాడు. ఓసారి చర్చిలో పెళ్లికి, సీటు మెరవాలని, ఎవరికీ చెప్పకుండా నేను కొబ్బరినూనె పట్టించాను. కారేమో మిరపకల్లం పక్కనే, అద్దాలు దించి ఉంది. ఎర్ర సీటు మీద కారం దుమ్ము ఎవరికి కనిపిస్తుంది? చర్చి దగ్గర పెళ్లికూతురు దిగేసరికి తెల్లచీర వెనకంతా ఎర్రటి జిడ్డు.

"ఏమయ్యా, కళ్లు కనపడవా?" అని ఆమె మేనమామ అందరి ముందూ కేకలేశాడు.

"తప్పయిపోయిందండీ, తుడవడం మర్చిపోయాను" అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని. ముందు సీట్లో ఉన్న నేను నోరు మెదపలేదు.

ఇంటికొచ్చి సీటు తుడుస్తూ నాన్న ఆ గుడ్డ వాసన చూశాడు. నూనె కారుతున్న నా జడల వైపు ఒక్కసారి చూశాడు. ఏమీ అడగలేదు.

అడిగుంటే చెప్పేసేదాన్నని, ఆయన పోయాక కూడా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. అదీ అబద్ధమే.