పద్నాలుగు జాకెట్ ముక్కలు, ఒక సైకిలు

సొంత సైకిలుని సొంత నోటితో పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, మీ ఎదురుగానే కూర్చుని మీ ఇంటి టీ తాగుతోంది. సైకిలుకేం, నిక్షేపంలా ఉంది. రోజూ దాని మీదే కొట్టుకి వెళ్తున్నాను, వస్తున్నాను. కాకపోతే అది ఇప్పుడు నాది కాదు. అదెలాగో చెప్తాను, ముందు ఇంకో అరగ్లాసు పొయ్యండి.

నేను గజపతినగరంలో బట్టల కొట్లో చీరల సెక్షన్లో చేస్తున్నాను కదా. మా ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు. ఇన్నాళ్లూ ఆటోలోనే వెళ్లేదాన్ని. ఆటో నిండితే గానీ కదలదు, నిండిందా లేదా అన్నది డ్రైవరు లెక్క. నా ఒళ్లో ఎవరి పిల్లాడో ఉంటాడు, కాళ్ల దగ్గర ఎవరి కోడిపెట్టో ఉంటుంది, అయినా "ఇంకొకలు రావాలమ్మా" అంటాడు. రోజూ లేటే. మా షావుకారు గారు గోడ గడియారం వైపు చూసి, తర్వాత నా వైపు చూసేవారు. ఒక్క మాటనేవారు కాదు. తిట్టినా బాగుండేది. అందుకే ఈ వేసంకాలంలో మనసు గట్టి చేసుకుని సైకిలు కొనేశాను. ఊదారంగుది, ముందు తెల్ల బుట్ట. నలభై ఏళ్లొచ్చాక నాకోసమని నేను కొనుక్కున్న మొదటి వస్తువు. దాన్ని చూస్తే నాకు ముద్దొచ్చేది.

మా అత్తకి మాత్రం రాలేదు. ఆవిడ పేరు అప్పలనర్సమ్మ. నేను సైకిలు తోసుకుని ఇంట్లోకి వస్తుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికే అది?"

"లోపలికే, అత్తా. బైటుంటే వానకి తుప్పడతాది."

"ఊర్లో పేడంతా తొక్కొచ్చింది. సెప్పులు గుమ్మం దాటతాయేటి? ఇదీ అంతే. బైటెట్టు."

మా ఇంట్లో అదే హైకోర్టు. సైకిలు వాకిట్లోనే ఉండిపోయింది. రాత్రిళ్లు కోళ్లు హ్యాండిలెక్కి పడుకునేవి, పొద్దున్నే సీటు కడగడంతో నా రోజు మొదలయ్యేది. "మా కోడలు సైకిలెక్కి టౌనుకెల్తన్నాది" అని మా అత్త వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పేది. అందులో తిట్టెంతో గొప్పెంతో నాకు ఇప్పటికీ తెలీదు.

కొట్టు దగ్గరా ఇదే గొడవ. బైట పెడితే కస్టమర్ల బళ్లు దాన్ని తోసేసేవి. రెండుసార్లు పడింది, బుట్ట వంకరపోయింది. చివరికి షావుకారు గారినే అడిగాను. ఆయన, "లోపలెట్టుకో. కానీ మన కొట్లోకి ఎవలూ సెప్పుల్తో రారు. దాని కాళ్లు తుడిసి తే" అన్నారు. అప్పట్నుంచి మా ఆయన పాత లుంగీ ఒకటి బుట్టలో పెట్టుకుని, కొట్టు మెట్ల మీద కూర్చుని రెండు టైర్లూ శుభ్రంగా తుడిచాకే లోపలికి తెచ్చేదాన్ని. ఎదురుగా పూలమ్ముకునే ఎల్లమ్మ రోజూ చూసి నవ్వేది. "ఓలమ్మ, సంటిపిల్లకి కాళ్లు తుడిసినట్టు తుడస్తన్నావు" అనేది.

మొదట ట్రయల్ రూములో పెట్టాను, తెర వేసేస్తే ఎవరికీ కనబడదని. ఒకాయన కొత్త ప్యాంటు చేత్తో పట్టుకుని ఆ తెర ముందు పావుగంట నిలబడ్డాడు. పాపం మర్యాదస్తుడు, ఒక్కసారి కూడా తెర కదపలేదు. ఆఖరికి బిల్లు కౌంటర్లో ఉండే రమణ దగ్గరికి వచ్చి, "లోపలున్నోలు ఎంతకీ రారేటండీ? ఒంట్లో బాగులేదేటో, ఎవరైనా ఆడోలిని పంపి సూడండి" అన్నాడు. ఆ రోజుతో ట్రయల్ రూము పోయింది. గుమ్మం పక్కన అద్దం దగ్గర, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ కనబడేలా పెట్టమన్నారు షావుకారు గారు.

అక్కడితో ఆగినా బాగుండేది. దసరా వచ్చింది.

ఆయుధ పూజ నాడు మా కొట్లో కత్తెరలు, టేపులు, ఫాల్స్ కుట్టే మిషను, బిల్లుల కంప్యూటరు, అన్నిటికీ వరసగా బొట్లు పెట్టి పూజ చేస్తారు. నేనూ నా సైకిలుని మెల్లిగా ఆ వరసలోకి తోశాను. పంతులుగారు దానికీ నాలుగు అక్షింతలు వేశారు. ఎల్లమ్మ దగ్గర బంతిపూల దండ కొని హ్యాండిల్‌కి వేశాను. చీరల పెట్టెకి కట్టొచ్చిన ఎర్ర రిబ్బను ఒకటుంటే అదీ పువ్వులా కట్టాను. టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిద్దామంటే టైల్స్ పాడవుతాయన్నారు షావుకారు గారు. పోనీలే అని దాన్ని బుట్టలో వేశాను.

మా వైపు దసరా వెళ్లినా కొనుగోళ్లు ఆగవు. ఆ వచ్చే మంగళవారం అమ్మవారి పండగ కదా. ఆదివారం నాటికి కొట్టు కిటకిటలాడిపోతోంది. ఆ జనం మధ్య నా సైకిలు దండతో, రిబ్బనుతో, బొట్టుతో పెళ్లికూతురిలా నిలబడి ఉంది. తియ్యడానికి నాకు మనసొప్పలేదు.

పదకొండు గంటలప్పుడు పక్క పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఒక నీలం చీర, ఒక మెరూన్ చీర ఒళ్లో పెట్టుకుని గంట కూర్చుంది. నీలం ప్యాక్ చెయ్యబోతే మెరూన్ అంటుంది, మెరూన్ మడత పెడితే నీలం అడుగుతుంది. వెనకాల ఇంకో పదిమంది. నా ఓపిక అయిపోతోంది. అప్పుడు ఆమె చూపు సైకిలు మీద పడింది.

"దండేసినారు. ఆ సైకిలు ఎవలికమ్మా?"

నా నోరుంది చూశారూ, అది నన్నడిగి మాట్లాడదు. "అదృష్టం ఉన్నోలికి పిన్నీ. ముందు నువ్వు సీర తేల్సు" అన్నాను.

ఆమె నన్ను చూసింది, సైకిలుని చూసింది. రెండు చీరలూ తీసేసుకుంది.

నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను. ఆమె బిల్లు కట్టిందట, రమణ దగ్గర పెన్ను అడిగిందట, బిల్లు వెనకాల పేరు రాయించుకుని వెళ్తూ వెళ్తూ నా సైకిలు బుట్టలో వేసిందట. అదేదీ నేను చూడలేదు. చూసినవాళ్లు చూశారు.

మూడు గంటలకి అన్నం తినొచ్చి, టైర్లో గాలి ఉందో లేదో నొక్కి చూద్దామని వంగితే బుట్ట నిండా కాగితాలు. ఎవరో చెత్త వేశారని తిట్టుకుంటూ ఒకటి తీశాను. మా కొట్టు బిల్లే. వెనకాల పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఇంకోటి తీశాను, అదీ అంతే. నన్ను అక్క వరస పెట్టి పిలిచే రమణని అడిగాను.

"సైకిలు స్కీమంట కదా పార్వతప్పా. పొద్దున్నించి అందరూ పెన్ను అడగతన్నారు. షావుకారు నాకు సెప్పడం మరిసిపోనారనుకున్నాను" అన్నాడు.

పరిగెత్తుకుంటూ షావుకారు గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన బుట్ట తెప్పించుకుని చీటీలు ఒక్కొక్కటే చదివారు.

"బాబూ, ఇది నా సైకిలు" అన్నాను.

"తెల్సు."

"స్కీమూ గీమూ లేదని ఆలందరికీ సెప్పెయ్యండి."

"అదృష్టం ఉన్నోలికని నువ్వన్నావా, నానన్నానా?"

నేను నోరు మూసుకున్నాను. ఆ పని పదకొండు గంటలకి చేసి ఉండాల్సింది.

"పండగ ముందు ఇస్తామని లేదంటే మన గడప ఎవలు తొక్కుతారే? రేపు సాయంత్రం చీటీ తీసేద్దాం. నీకు దీపావళి ఎల్లాక కొత్త సైకిలు నాను కొంటాను" అన్నారాయన. మనిషి మంచివారే. కానీ చీరల సెక్షన్లో ఫ్యాను బాగు చేయించడం కూడా దీపావళి వెళ్లాకేనన్నారు, అది మూడు దీపావళుల కిందటి మాట.

ఆ సాయంత్రం సైకిలు కొట్లోనే వదిలేసి ఆటో ఎక్కాను. ఒళ్లో మళ్లీ ఎవరి పిల్లాడో. నిజం చెప్తున్నాను, దారంతా ఏడుస్తూనే వచ్చాను. వాకిట్లో మా అత్త చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తి నన్ను చూసి, నా వెనక చూసి, "సైకిలేదే?" అంది.

మొత్తం చెప్పాను. పీడా పోయిందంటుందనుకున్నాను. కాయ ఒలవడం ఆపేసింది.

"మనింటి వస్తువు ఊరోలు పట్టికెల్తారేటి?"

"నీకదంటే ఇష్టం లేదు కదత్తా."

"ఇష్టం లేదని ఒగ్గేస్తామేటి? మీ మావంటే మాత్రం నాకు ఇష్టమేటి? యాభై ఏళ్లు కాపరం సెయ్యలేదా?"

లోపల మంచం మీద మా మావ దగ్గాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"ఒక బిల్లుకి ఒక సీటీయా?"

"అవునత్తా."

"ఎంత సిన్న బిల్లైనా?"

"దానికేం లెక్క లేదు."

"సరే, బువ్వ తిను" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న నాతో పాటు ఆటో ఎక్కేసింది. కొట్లోకి వచ్చి, దండేసిన సైకిలుని కింద నుంచి మీద దాకా ఒకసారి చూసి, నా ముందు కూర్చుంది. "మీ కొట్లో అన్నిటికన్నా సవకది ఏటే?"

"జాకెట్ ముక్క."

"ఒకటియ్యి. బిల్లెయ్యమను."

వేశాడు రమణ.

"ఇంకోటియ్యి. దీనికి ఏరే బిల్లు."

ఆరో ముక్క దగ్గర రమణ మెల్లిగా, "అన్నీ కలిపి ఒకే బిల్లు కొట్టేస్తానమ్మా" అన్నాడు. "నీ కాయితం అరిగిపోతాదేటి?" అంది మా అత్త. అలా కొంగు ముడిలో ఉన్నదంతా అయిపోయేసరికి పద్నాలుగు జాకెట్ ముక్కలు, పద్నాలుగు బిల్లులు. ఆవిడకి రాయడం రాదు. వాటి వెనక పేరు రాసే పని నాది. అప్పలనర్సమ్మ అని ఓసారి పద్నాలుగుసార్లు రాసి చూడండి మీకే తెలుస్తుంది. మొదటి మూడింటికి ఇంటిపేరు, ఊరు కూడా రాశాను. తర్వాత చెయ్యి లాగేసి ఒట్టి పేరుతో సరిపెట్టేశాను. అది నా రెండో తప్పు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కొట్టు ముందు జనం. చీటీ వెయ్యని మనిషి తియ్యాలని ఎల్లమ్మని పిలిచారు. ఆమె కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టి, కలిపి కలిపి, ముందు నిమ్మకాయ తీసింది. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. రెండోసారి కాగితం తీసింది. షావుకారు గారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

"అప్పలనర్సమ్మ."

సైకిలు మళ్లీ మా ఇంటికే అనుకున్నాను. అదే క్షణంలో మా అత్తతో కలిపి ముగ్గురు ఆడవాళ్లు ముందుకొచ్చారు.

మా వైపు సంతలో అప్పలనర్సమ్మా అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. ఐదో ఆమె ఉంటుంది, చెవుడు వల్ల తిరగదు. ఆ సంగతి తెలిసీ ఊరు రాయకుండా వదిలేశాను.

"ఇది ఎవలు రాసినారు? ఊరేది?" అన్నారు షావుకారు గారు. నేను తిరగని ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. మిగతా ఇద్దరూ నాదంటే నాదని మొదలెట్టారు. మా అత్త మాత్రం గొంతు పెంచలేదు.

"కాయితం ఇటు తిప్పు బాబూ. ఏటి కొన్నారో రాసుంటాది కదా."

ఆయన తిప్పారు. "జాకెట్ ముక్క, ఒకటి."

మొదటి ఆమె రెండు చీరలూ ఒక పంచె కొంది. రెండో ఆమె అల్లుడికి ప్యాంటూ షర్టూ కొంది. మా అత్త సంచీ విప్పి పద్నాలుగు ముక్కలూ కౌంటరు మీద కుమ్మరించింది. "ఇందులో ఏదో ఒకటి" అంది.

రెండో ఆమె ఊరుకోలేదు. "ఈ కొట్లో సేస్తన్న ఆమె అత్త కాదేటి? అంతా కుమ్మక్కు" అంది.

"పద్నాలుగు కొన్నాను, పద్నాలుగు ఏసినాను. నువ్వెన్నేసినావు?"

"ఒకటి."

"మరేటి" అంది మా అత్త. జనం నవ్వేశారు, ఆమె కూడా నవ్వేసింది. షావుకారు గారు హ్యాండిల్ మీది వాడిపోయిన దండ తీసి మా అత్త చేతికిచ్చి, సైకిలు పక్కన నిలబెట్టి ఫోటో తీయించారు. ఆవిడ పెళ్లిలో కూడా అంత నిటారుగా నిలబడి ఉండదు.

నేను షావుకారు గారి దగ్గరికి చేరి, "బాబూ, దీపావళి ఎల్లాక సైకిలన్నారు" అన్నాను.

"మీ ఇంటికే పోనాది కదే. ఒక కొంపకి ఎన్ని సైకిళ్లు?" అన్నారు.

సరే, తొక్కుకుని ముందు వెళ్లిపోతానంటే మా అత్త ఒప్పుకోలేదు. "కొత్తది, పాడుసేస్తావు" అంది. ఆరు నెలలుగా నేను తొక్కుతున్న సైకిలు. ఆటో మీద కట్టించి, బైటికి చెయ్యి పెట్టి ఇంటిదాకా దాని చక్రం పట్టుకునే కూర్చుంది. ఇంటికి వెళ్లాక అలవాటుగా వాకిట్లో గోడకి చేరేశాను.

"అక్కడెట్టేస్తావేటి? కోళ్లు పాడుసెయ్యవా? లోపలికి తే."

"పేడ తొక్కింది కదత్తా."

"తుడువు. లుంగీ ఉన్నాది కదా."

నా ఇంటి గుమ్మంలో నేనే కూర్చుని రెండు టైర్లూ తుడిచాను. ఇప్పుడది మా అత్త మంచం పక్కన ఉంటుంది. జాకెట్ ముక్కల్లో ఒకటి సీటుకి గలేబు అయింది, పదమూడు నాకిచ్చింది. ఒక్కటీ నా చీరల్లో దేనికీ నప్పలేదు. రోజూ పొద్దున్న "సైకిలు పట్టికెల్లనా అత్తా" అని అడగాలి. "గోతులు సూసి తొక్కు. కొట్లో లోపలెట్టు, బైటెట్టకు. బేగొచ్చీ" అంటుంది.

సాయంత్రం పది నిమిషాలు ఆలస్యమైతే వీధి మొదట్లోకి వచ్చి నిలబడుతోంది. పెళ్లై ఇన్నేళ్లలో నాకోసం ఆవిడ అలా ఎదురుచూడ్డం ఎరగను. రెండు రోజులు మనసు నిండిపోయి నిద్ర కూడా హాయిగా పట్టింది. మూడో రోజు వాన కుమ్మేసింది, సైకిలు కొట్లో పెట్టి ఆటోలో దిగాను. ఆ వానలోనే గొడుగేసుకుని నిలబడి ఉంది మా అత్త. దగ్గరికొచ్చి గొడుగు నా మీదకి పట్టబోయి, నా వెనక్కి తొంగి చూసి ఆగిపోయింది.

"నువ్వొచ్చినావు సరే. సైకిలేదే?"