కువైట్ తమ్ముడు

మా అమ్మ కువైట్ నుంచి తిరిగొచ్చేసరికి నాకు పదకొండేళ్లు. కడప బస్టాండులో దిగిన ఒక బక్కపలచని ఆవిడను చూపించి మా జేజి, అంటే నాన్న తల్లి, "మీయమ్మే, పోమ్మీ" అని నన్ను ముందుకు తోసింది. నేను పోలేదు. జేజి కొంగు పట్టుకుని అక్కడే బిగుసుకుపోయాను. అమ్మ కూడా నన్ను దగ్గరికి లాక్కోలేదు. చేతిలోని సంచీ కిందపెట్టి నా గడ్డం పట్టుకుని, "ఎంత ఎదిగినావు!" అంది. అంతే, ఆటో ఎక్కేశాం.

ఆ తర్వాత మేమిద్దరం ఒకే ఇంట్లో చుట్టాల్లాగా బతికాం. ఆమె వండేది, నేను తినేదాన్ని. "ఇంకొంచెం ఏసుకో" అనేది, "చాలు" అనేదాన్ని. కొట్లాట కూడా ఉండేది కాదు. కొట్లాడాలన్నా కొంచెం చనువు ఉండాలి కదా! నాకు మొదటి పుట్టినరోజైనా రాకముందే నాన్న పోయాడు. బోర్ల మీద బోర్లు వేసి, నీళ్లు పడక, ఆ దిగులుతోనే గుండె ఆగి పోయాడు. నన్ను జేజి ఒళ్లో పెట్టి అమ్మ విమానం ఎక్కింది. ఆమె నాకు ఎప్పుడైనా అమ్మగా ఉందా, ఉంటే ఎట్లా ఉంది? చిన్నప్పటి నుంచీ నాకు తెలుసుకోవాలని ఉన్నది ఇదొక్కటే. జేజిని అడిగితే, "చంటిబిడ్డప్పుడే పాయె గదమ్మీ, నేనేం జెప్పేది" అని తమలపాకు నోట్లో పెట్టుకునేది. అమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు.

అమ్మ మీద చూపించలేని కోపమంతా నేను అరబ్బుల మీద చూపించాను. మా వైపు ఇంటికొకరు కువైట్ పోయినవాళ్లే. కాబట్టి షేకుల గురించి మాకు తెలియనిది లేదని మా నమ్మకం. షేకు అంటే తెల్ల అంగీ, బంగారు గడియారం, ఆడవాళ్ల మీద కన్ను. పనిమనిషిని మనిషిగా చూడరు, ఎంగిలి తినిపిస్తారు, తలుపుకు తాళం వేస్తారు. ఇవన్నీ కట్టుకథలని ఇప్పుడు కూడా అనను. మా వీధిలోనే ఒకామె ఇస్త్రీపెట్టె వాతలతో తిరిగొచ్చింది. ఇంకొకామె శవపెట్టెలోనే వచ్చింది. ఆ ఏడుపులు నా చెవులతో విన్నాను. ఆరో తరగతిలో ఒక పిల్ల, "మీయమ్మ షేకు ఇంట్లో ఏమేం పనులు చేసిందంట?" అని కిసుక్కున నవ్వితే, దాని జడ పట్టుకుని బెంచీకేసి కొట్టాను. హెడ్మాస్టరు నన్ను ఎండలో నిలబెట్టారు. ఎండలో నిలబడి ఆ పిల్లను తిట్టుకోలేదు, కువైట్‌ను తిట్టుకున్నాను.

నేను చదువుకున్నాను, పెళ్లయింది, కర్నూలులో లెక్కల టీచరునయ్యాను. అమ్మకు కిడ్నీలు చెడిపోతే నా దగ్గరికే తెచ్చుకున్నాను. వారంలో కొన్ని రోజులు ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించి తెచ్చేదాన్ని. ఆ రోజుల్లోనే గమనించాను, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆమెకు ఒక ఫోను వస్తుంది. ఫోను మోగగానే గోడ పట్టుకుని లేచి, బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది. లోపల నుంచి నవ్వు వినిపించేది. నాతో మాట్లాడినప్పుడు ఆమె అట్లా నవ్వగా నేను వినలేదు. "ఎవరమ్మా?" అంటే "తెలిసినోళ్లులే" అని మంచమెక్కేది.

ఒక శుక్రవారం ఆస్పత్రి నుంచి వచ్చి ఆమె మత్తుగా పడుకుంది. ఫోను మోగింది. నేనే ఎత్తాను, ఈరోజు వీడెవడో తేల్చుకుందామని.

"అమ్మా, అన్నం తింటివా? మందులు ఏసుకుంటివా? ఉత్తుత్తిగా చెప్పాకు" అంది ఒక మగగొంతు.

మాట మాది, యాస మాది. కానీ గొంతులో ఏదో తేడా ఉంది. "ఎవరప్పా నువ్వు?" అన్నాను గట్టిగా. మెల్లిగా, "అక్కా?" అన్నాడు. ఫోను టక్కున పెట్టేశాను.

అమ్మ కళ్లు తెరిచే ఉంది. అంతా వినింది. దాచడానికి ఇంక ఓపిక లేదనుకుంటా, గోడవైపు చూస్తూ చెప్పుకొచ్చింది.

"ఆ ఇంటికి పోయినప్పుడు నాకింకా పాలు ఇంకలేదు. నువ్వు మతికొస్తే చాలు, రైక తడిసిపోయేది. ఆ పిల్లోని తల్లికి కాన్పయినాక జొరమొచ్చి ఆస్పత్రిలోనే ఉండిపోయె. బిడ్డ డబ్బా పాలు నోట్లో పెట్టుకోడు. ఏడ్సి ఏడ్సి గొంతు పాయె. వాళ్ల ముసిలామె నా రైక చూసింది. పిలిచి పక్కన కూచోబెట్టుకునింది."

"పాలియ్యమని గద్దించిందా?"

"గద్దిస్తే బాగుండు. 'ఆలోచన చేసుకో' అనింది. హైదరాబాదు వంటామె ఉండేది, ఆమె నాకు తెలుగులో తిప్పి చెప్పింది. 'ఇస్తే వీడు నీ కొడుకైతాడు. మల్లా కాదనేదానికి లేదు. నీ కూతురు వీనికి అక్క అయితాది, ఆమెను పెండ్లి చేసుకోకూడదు. నీ ముందర వీడు గొంతెత్తకూడదు. ఇది దేవుని మాట' అనింది. షేకు కొడుకొచ్చి కడపలో నా కూతుర్ని చేసుకుంటాడా అని నాకు నవ్వొచ్చె. ఆమె నవ్వలేదు."

పాలిచ్చాక ఆ ఇంట్లో ఆమెకు వేరే కంచం లేదట. నేల మీద పెద్ద పళ్లెం పెట్టి ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుంటే వాళ్లతోనే తినేదట. ముసలామె తన చేత్తో మంచి ముక్క తీసి ఈమె ముందుకు నెట్టేదట. పండక్కి ఆ ఇంటి పిల్లలంతా వరసగా వచ్చి ముసలామె నుదురు ముద్దుపెట్టుకుంటే, ఆ పిల్లవాడు మాత్రం అక్కడి నుంచి నేరుగా మా అమ్మ దగ్గరికొచ్చి ఆమె నుదురూ ముద్దుపెట్టుకునేవాడట. అమ్మ చెబుతూ ఉంటే ఆమె ముఖం వెలుగుతోంది. షేకుల మీద నేను పెంచుకున్న పగ అంతా ఏం చేయాలి ఇప్పుడు? ఎవరి మీద వేయాలి?

"అవి నా పాలు గదమ్మా!" అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. నిజంగా అర్థం కానట్టు చూసింది. "నీకు పాలపొడి డబ్బాలు పంపినా గదమ్మీ, నెలనెలా" అంది.

లేచి వంటింట్లోకి పోయాను. కాసేపు గిన్నెలతో యుద్ధం చేశాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. "ఊర్లో మాత్రం ఎవురికీ చెప్పాకు. పాలమ్ముకునిందంటారు. నేను పోయినాక గూడా చెప్పాకు" అని నా చేయి పట్టుకుంది. అక్కడ నెత్తిన పెట్టుకున్న సంగతిని ఇక్కడ కడుపులో దాచుకోవాల్సి వచ్చింది, ఆ మహాతల్లికి. ఆడదాన్ని ఆ దేశంలోనే తొక్కిపెడతారని పిల్లలకు కూడా చెప్పిన టీచరును నేను. చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

వాడు వీసా తీసుకుంటున్నాననీ, వస్తున్నాననీ తర్వాతి శుక్రవారం చెప్పాడు. అమ్మ అంతవరకు ఆగలేదు. కర్నూలు ఆస్పత్రిలోనే ప్రాణం పోయింది. మా పల్లెకు తీసుకెళ్లి, మా చేనిలో నాన్న పక్కనే పూడ్చాం. మాలో పూడ్చడమే ఆచారం. ఫోను చేసి వాడికి చెప్పింది నేనే. అటువైపు ఏడుపు విని ఫోను పట్టుకుని అట్లాగే కూర్చున్నాను, ఓదార్చడం చేతకాక.

మూడో రోజు పొద్దున వచ్చాడు. అమ్మ పనిచేసిన ఇంటి షేకు వస్తున్నాడని తెలిసి ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. కారులో నుంచి నలిగిపోయిన చొక్కా, ప్యాంటుతో ఒక మనిషి దిగాడు, బట్టతల, కళ్లద్దాలు. "షేకు యాడప్పా?" అని ఒకాయన డ్రైవరును అడిగాడు. "ఈయప్పే" అంటే జనానికి శానా నిరాశ అయింది. గడియారం కూడా మామూలుదే.

వాడు చెప్పులు విడిచి, తిన్నగా మా పెదనాన్న దగ్గరికి పోయి, వంగి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. పెదనాన్న అదిరిపడి వెనక్కి జరిగాడు. మా ఇంటి పెద్దాయన ఆయనే. ఆయన మాట దాటడం మాకు అలవాటు లేదు. కుర్చీ వేస్తే వద్దని వాడు నేల మీద కూర్చున్నాడు. సంచీలో నుంచి ఖర్జూరాల డబ్బా తీసి అందరికీ పంచబోయాడు. వాళ్ల దగ్గర పరామర్శకు వచ్చినవాళ్లకు ఖర్జూరం, కాఫీ ఇవ్వడం మర్యాదట. "సావింట్లో తీపి పంచుతాడా వీడు!" అని పెదనాన్న ముఖం గంటు పెట్టుకున్నాడు. పెద్దమ్మ గబుక్కున డబ్బా అందుకుని లోపల పెట్టింది. పాపం, తప్పు చేశానని వాడికి తెలిసింది. ఏం తప్పో తెలియలేదు.

మా వైపు మూడో రోజు సమాధి మీద పాలు పోస్తాం. అందరం చేనికి పోయాం. కొడుకు ఉంటే కొడుకు మొదట పోస్తాడు. అమ్మకు నేనొక్కదాన్నే కాబట్టి పెదనాన్న కొడుకు చేత పోయించాలని ముందే అనుకున్నారు. పెద్దమ్మ చేతిలో చెంబు చూసి వాడు నన్నడిగాడు, ఏమిటని. పాలని చెప్పాను, అమ్మకు పోస్తామని.

"నేనూ పోస్తా" అన్నాడు వాడు.

"బయటోళ్లు పొయ్యకూడదు. మా ఇంటోళ్లు పొయ్యాల" అన్నాడు పెదనాన్న.

వాడు చిన్నపిల్లవాడిలాగా చూశాడు. వాడికొచ్చిన తెలుగంతా చిన్నపిల్లల తెలుగే మరి. "నేను ఇంటోన్నే. అమ్మ పాలు తాగినా" అన్నాడు. గొప్పగా చెప్పాడు, అందరికీ వినబడేట్టు. "మా ఇంట్లో అమ్మను అమ్మ పేరుతో పిలవరు. మా అవ్వ వద్దనింది. అక్క పేరు పెట్టి, అక్క వాళ్లమ్మ అనే పిలుస్తాము. మా ఇంట్లో అందరికీ అక్క పేరు తెలుసు."

ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెదనాన్న కళ్లు ఎర్రగా నావైపు తిరిగాయి. "ఏందిమే ఇది? నిజమా?"

ఒక్క మాట చాలు. వాడికి తెలుగు సరిగా రాదు పెద్దనాయనా, ఇంకేదో చెప్పబోయి ఇట్లా అన్నాడంటే సరిపోతుంది. అమ్మకిచ్చిన మాట నిలబడుతుంది. కానీ ఆ మనిషి సముద్రం దాటి వచ్చి, పరాయివాడై, ఆ గట్టు మీద నిలబడి ఉన్నాడు. పదేళ్లు, నేను ఎవరికీ లేనని ఏడ్చుకున్న ఆ పదేళ్లూ, నా పేరు ఒక ఎడారి ఇంట్లో రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడుతూనే ఉంది. అమ్మా, నన్ను క్షమించు అనుకున్నాను.

"నిజమే" అన్నాను. "అమ్మ పాలు తాగినాడు. కొడుకే."

పెదనాన్న భుజం మీది తువ్వాలు దులిపి, గట్టు దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. వద్దని మాత్రం అనలేదు. పెద్దమ్మ కాసేపు తటపటాయించి చెంబు తెచ్చి వాడి చేతికిచ్చింది. వాడు రెండు చేతులతో తీసుకున్నాడు. మట్టి దగ్గరికి పోయి, ఆగి, వెనక్కి తిరిగి నా ముందుకు చాపాడు.

"నువ్వు ముందు అక్కా. నీవి నేను తాగేసినా."

అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆస్పత్రిలోనూ ఏడవలేదు, మట్టి వేసినప్పుడూ ఏడవలేదు. చెంబు అందుకున్నాను. మట్టి మీద కూలబడి, అందరూ చూస్తుండగా బావురుమన్నాను. పాలు సగం నా చీర మీదే ఒలికాయి. పెద్దమ్మ దగ్గరికి రాబోతే చెయ్యి విదిలించాను.

వాడు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏం చెప్పాలో వాడికి తెలియదు, పెద్దవాళ్లు పెద్దవాళ్లకు చెప్పే మాటలు వాడికి తెలుగులో రావు. నా తల మీద చెయ్యి వేసి, తను చిన్నప్పుడు ఏడిస్తే మా అమ్మ తనకు చెప్పిందేదో అదే చెప్పాడు, ఆమె సాగదీసినట్టే సాగదీసి, ఆమె గొంతుతోనే.

"ఏడ్సాకు నా బంగారూ, ఏడ్సాకు. అమ్మ ఈడే ఉండాది. నిన్నిడిసి యాడికీ పోదు."